సభ్యుల లెక్కలు, వ్రేలిముద్రలు: వాని భద్రతను గూర్చి

గత వానకాలమున ఒక అంగడినాడు, విత్తనశుద్ధి చేయు పద్ధతిని రైతులకు చూపుటకై పొరుగు గ్రామమునకు పోయితిని. పని ముగిసిన పిదప బస్సుకొఱకు వేచియుండి, ఆకలిగొని మిరపకాయ బజ్జీలు కొంటిని. తినిన తరువాత నూనె యోడుచున్న కాగితమును పాఱవేయబోయి, అలవాటుచొప్పున చదివితిని. అది ఒక సహకార సంఘమునకు ఒక రైతు పెట్టుకొనిన పంటఋణపు దరఖాస్తు. రైతు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఎకరములు, గుంటలు, ఆధార్ నంబరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, అడుగున ఎడమచేతి బొటనవ్రేలి ముద్ర – ఒక్కటియు కొఱతపడలేదు. ముద్ర మిక్కిలి చక్కగా పడినది. గీతలు లెక్కపెట్టవచ్చును.

బజ్జీల యాతని నడుగగా, పాతకాగితముల దుకాణమున కిలోల లెక్కన కొన్నాననియు, ఇంకను ఒక కట్ట మిగిలియున్నదనియు చెప్పెను. ఆ కట్టను నేనే కొని, మఱునాడు ఆ సంఘమువారికి అప్పగించితిని. కార్యదర్శి సిగ్గుపడెను గాని, "పాత కాగితములు గదా అయ్యా, ఆ ఋణములు తీరిపోయినవి, వానితో ఇప్పుడేమి పని?" అనెను. ఆ యొక్క మాటకొఱకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఋణము తీరును. ఆధార్ నంబరు తీరదు. వ్రేలిముద్ర మనిషి బ్రదికియున్నంతకాలము తీరదు.

వ్రేలిముద్రతో ఏమగునని అడుగువారు కలరు. మన తెలంగాణములోనే జరిగినదానిని చెప్పెదను. 2018 జూన్ మాసమున పెద్దపల్లి జిల్లా ధర్మారమునకు చెందిన సిమ్‌కార్డుల వ్యాపారి యొకడు పోలీసులకు చిక్కెను. ఆతడు రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటునుండి భూముల దస్తావేజుల ప్రతులను దించుకొని, వానిమీది ఆధార్ నంబర్లను, వ్రేలిముద్రలను తీసికొనెను. రబ్బరు స్టాంపులు చేయు యంత్రముతో ఆ ముద్రలకు అచ్చులు పోసి, ఆ కృత్రిమపు వ్రేళ్ళతో వేలకొలది సిమ్‌కార్డులను ఇతరుల పేర నడిపించెను. తనకు నియమింపబడిన అమ్మకపు లెక్కను పూర్తిచేసికొనుటకే ఇంత చేసెనని తేలినది. అనగా ఆనాటికి ఆతని కన్ను రైతుల సొమ్ముమీద లేదు. నాలుగేండ్లు గడచునప్పటికి కన్ను అక్కడికే పోయినది. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకొనిన ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను దస్తావేజులనుండి అదే రీతిగా ముద్రలు తీసి, ఆధార్ ద్వారా సొమ్ము తీయు యంత్రములతో ఖాతాలనుండి డబ్బు లాగెను.

ఈ యంత్రము మీరెఱిగినదే. బ్యాంకు మిత్ర యొద్ద నుండును. ఆధార్ నంబరు కొట్టి, బ్యాంకు పేరు చూపి, వ్రేలు పెట్టిన చాలును. పిన్ అక్కఱలేదు, ఓటీపీ రాదు. నడువలేని వృద్ధురాలికి ఊరిలోనే సొమ్ము చేతికందించుచున్నది ఈ పద్ధతియే గావున దానిని నేను నిందింపను. కాని వ్రేలే తాళపుచెవి యైనప్పుడు, ఆ తాళపుచెవి యొక్క అచ్చు కాగితముమీద పడి బజ్జీల బండి వఱకు పోవుటను సహింపరాదు. ఆధార్ సంస్థవారు యంత్రముపై పెట్టినది సజీవమైన వ్రేలా, అచ్చా యని కనిపెట్టు క్రొత్త పరీక్షను 2023లో ప్రవేశపెట్టిరి. అది మంచిదే. ఐనను గాదెకు మంచి తలుపు పెట్టించితిమని పందికొక్కు కన్నములను పూడ్చకుండ ఎవరును ఊరకుండరు.

ఈ రెండు సంగతులలోను దొంగ ఎవరి తాళమును పగులగొట్టలేదని గమనింపుడు. ఎవరైనను చూడవచ్చునని పెట్టిన కాగితమునే చూచెను. పూర్వము జొన్న పాతర తీసిన యింటివాడు పైన మట్టి కప్పి, పేడతో అలికి, దాని జాడ పొరుగువానికి తెలియనీయక కాపాడుకొనెడివాడు. నేడు మనము మన పాతర జాడను ఫోటో తీయించి, మూడు ప్రతులు జిరాక్సు చేయించి, ఒకటి ఎఱువుల దుకాణములోను, ఒకటి జిరాక్సు బల్లమీదను వదలి వచ్చుచున్నాము.

మన బొల్లారము ప్రాంతమున ఈ విషయము మఱింత గట్టిగా ఆలోచింపదగినది. ఇటు కాజీపల్లినుండి అటు పటాన్‌చెరువు వఱకు కర్మాగారములు వ్యాపించి, సాగుభూమి తగ్గి, మిగిలినదాని వెల హెచ్చినది. ఎకరము అమ్మిన రైతు ఖాతాలో ఒక్కనాడు పడు సొమ్ము ఆతని తాత జన్మమంతయు చూడని సొమ్ము. అమ్మకము జరిగిన వారము దినములలో "మీ ఖాతా నిలిచిపోవును, కేవైసీ చేయించుకొనుడు" అని ఫోను వచ్చినచో, "నా సంగతి వాని కెట్లు తెలిసినది?" అని రైతు ఆశ్చర్యపడును. దస్తావేజు ఎన్ని చేతులు మాఱినదో జ్ఞాపకము చేసికొన్నచో ఆశ్చర్యము తగ్గును.

చాలమంది ఫోను మోసము వేఱు, కాగితపు అజాగ్రత్త వేఱు అనుకొందురు. నా యనుభవమున ఈ రెండును ఒకే కాలువకు రెండు తూములు. ఎవడో హిందీలో మాటలాడి "లాటరీ వచ్చినది" అన్నచో నేడు మన రైతు నమ్మడు, నవ్వి ఫోను పెట్టివేయును. కాని తేట తెలుగులో, "అన్నా, ఫలానా సంఘములో నీకు లక్షా నలువదివేలు పంటఋణ మున్నది గదా, సర్వే నంబరు ఇది గదా, మాఫీ జాబితాలో నీ పేరు తప్పిపోయినది, ఒక అంకె వచ్చును చెప్పుము" అన్నచో ఎట్లు నమ్మకుండును? చెప్పిన వివరములన్నియు నిజమే! ఆ నిజమును వానికి అందించినది ఎక్కడనో జారిపోయిన కాగితము. 2024 జూలై 18న తెలంగాణములో ఋణమాఫీ సొమ్ము పడ నారంభించినది. ఇట్టి పథకము ఏది వచ్చినను, దాని పేరు తగిలించుకొనిన ఏపీకే ఫైళ్ళు వాట్సాప్‌లో తిరుగుట ఆనవాయితీ యైనది. పీఎం కిసాన్ పేరునను ఇట్టివి వచ్చుచున్నవి. ఏపీకే యనగా ఫోనులోనికి ప్రవేశించు క్రొత్త యాప్. దానిని నొక్కి అనుమతు లిచ్చినచో మీకు వచ్చు ఓటీపీలను మీకంటె ముందు వాడే చదువును. మీరు నోరు తెఱచి చెప్పవలసిన పనియే లేదు. ఏ ప్రభుత్వ శాఖయు, ఏ సంఘమును, ఏ బ్యాంకును మీకు సొమ్ము ఇచ్చుటకై వాట్సాప్‌లో ఏపీకే పంపదు. సొమ్ము రావలసినవాడు పిన్ కొట్టవలసిన పని లేదు. పిన్ కొట్టుట సొమ్ము పోవుటకే.

ఇక రైతులను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. పెద్ద బ్యాంకుల ఉద్యోగులును ఇట్లే చిక్కిరి. హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకులో 2022 జనవరి 24న 12 కోట్ల 48 లక్షల రూపాయలు పోయినట్లు బయటపడెను. విచారించిన పోలీసులు చెప్పిన సంగతి ఏమనగా, 2021 నవంబరులోనే దొంగలు ఆ బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు మించిన ఈమెయిలు ఉత్తరములు పంపిరి. వానిని ఇద్దఱు ఉద్యోగులు తెఱచిరి. అంతటితో దూరమునుండి కంప్యూటరును నడిపించు దొంగ ప్రోగ్రాము లోపల చేరి, వారు కొట్టు ప్రతి అక్షరమును రెండు మాసములు కనిపెట్టుచుండెను. పిమ్మట కొన్ని ఖాతాల నిలువలు పెంచి, అక్కడనుండి నూఱుకు పైబడిన ఇతర ఖాతాలకు సొమ్ము పంపివేసిరి. బ్యాంకునకు తగిన రక్షణ సాధనములు లేవని పోలీసు కమిషనరు బహిరంగముగా చెప్పిరి. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుపై 65 లక్షల జరిమానా విధించెను. అంతకు ముందు 2018 ఆగస్టులో పూనా కాస్మాస్ సహకార బ్యాంకునుండి 94 కోట్ల రూపాయలు పోయినవి. అందు అధికభాగము నకిలీ కార్డులతో 28 దేశములలో తీయబడినది.

ఈ సంగతులు మన సంఘములకు అక్కఱకు వచ్చునవే. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కంప్యూటర్లు పెట్టించు పథకమును అంగీకరించినది. లెక్కలు తేటపడును, తప్పుడు పద్దులు తగ్గును. నేను దానికి ప్రతికూలుడను కాను. కాని ఒక సంఘములో కంప్యూటరు తెఱకు అంటించిన చీటీమీద పాసువర్డు వ్రాసియుండుట నేను కన్నులార చూచితిని. అడుగగా, "గుమాస్తా సెలవుపెట్టిన దినమున అటెండరు చూచుకొనవలెను గదా" అనిరి. ఇద్దఱికి ఒకే పాసువర్డు ఉన్నచోట రేపు తప్పు జరిగినచో ఎవరు చేసిరని తేల్చుట ఎట్లు? నిర్దోషియైన గుమాస్తాకే అది ఉరి యగును.

ఇక్కడ ఒక పాత ప్రశ్న వచ్చును. సహకార సంఘ మనగా ఒకరి సంగతి ఒకరికి తెలియుటే గదా, ఇందు రహస్య మేమి? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. జర్మనీలో రైఫైజన్ 1864లో హెడ్డెస్‌డార్ఫున సంఘము స్థాపించినప్పుడు పొరుగువాని గుణము పొరుగువానికి తెలియుటయే దానికి పునాది. తాకట్టు పెట్టుటకు ఏమియు లేని రైతుకు ఆ తెలియుటయే తాకట్టు. మద్రాసు ప్రభుత్వమునకు 1895లో నివేదిక సమర్పించిన ఫ్రెడరిక్ నికల్సన్ గారు మన దేశమునకు అట్టి సంఘములనే కోరిరి. కావున ఎవరికి ఎంత ఋణ మిచ్చినదియు పాలకవర్గమునకు తెలియవలసినదే, సర్వసభ్య సమావేశములో బాకీల మాట రావలసినదే. కాని రైతు నమ్మదగినవాడా కాడా యని నిర్ణయించుటకు ఆతని ఆధార్ నంబరు ఎవరికి కావలెను? ఖాతా నంబరు ఎవరికి కావలెను? నోటీసు పలకమీద బాకీదారుల జాబితాతోపాటు ఆ రెండు వరుసలను కూడ అంటించుట బాకీ వసూలునకు పనికిరాదు, దొంగకే పనికివచ్చును. పేరులు గోడకెక్కించుటయే నాకు సమ్మతము కాదు; కఱవు సంవత్సరమున బాకీపడినవానిని ఊరి యెదుట నిలువబెట్టి సంపాదించునది వసూలు కంటె వైరమే. అది పెద్దలు ఆలోచింపవలసినది. నంబర్లను గూర్చి మాత్రము ఆలోచింపవలసినదే లేదు.

నేను చదువుకొనిన మిషను పాఠశాల వసతిగృహములో పిల్లలు ఇంటినుండి తెచ్చుకొనిన చిల్లర డబ్బులను వార్డెనుగారు ఒక రేకుపెట్టెలో దాచి, నోటుపుస్తకమున ఒక్కొక్కనికి ఒక్కొక్క పుట వ్రాసెడివారు. డబ్బు అడిగినప్పుడు వాని పుటను మాత్రము తెఱచి, ఎదుటి పుటను అఱచేతితో కప్పి, లెక్క చూపెడివారు. అందఱము ఒకే గదిలో పరుండెడివారము, ఒకరి సంగతి యొకరికి తెలియనిది కాదు. ఐనను ఆయన చేయి ఎన్నడును ఆ పుటమీదనుండి తొలగలేదు. ఆనాడు మాకు నవ్వుగా నుండెడిది.

ఇంగ్లండు దేశమున ఈ విధిని న్యాయస్థానమే నిర్ణయించినది. టూర్నియే యను నతడు తన బ్యాంకునకు తొమ్మిది పౌనుల చిల్లర బాకీపడెను. బ్యాంకు శాఖాధికారి ఆతడు పనిచేయు కచేరీకి ఫోను చేసి, ఆతని బాకీ సంగతియు, జూదములవారితో సంబంధ మున్నదను అనుమానమును చెప్పివేసెను. ఆతని ఉద్యోగము నిలువలేదు. లండను అప్పీలు కోర్టు, ఖాతాదారుని రహస్యమును కాపాడుట బ్యాంకు విధి యనియు, చట్టము నిర్బంధించినప్పుడు, ప్రజల క్షేమము కోరినప్పుడు, బ్యాంకు తన హక్కును కాపాడుకొనవలసి వచ్చినప్పుడు, ఖాతాదారుడు సమ్మతించినప్పుడు తప్ప నోరు విప్పరాదనియు తీర్మానించినది. మన దేశపు న్యాయస్థానములును ఆ తీర్పును ఆధారముగా గైకొనుచున్నవి.

మన పార్లమెంటు 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమును చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సమాచారమును భద్రముగా ఉంచని సంస్థకు 250 కోట్ల రూపాయల వఱకు దండన విధింపవచ్చును. కాని ఒక సంగతి మఱవరాదు: ఆ చట్టము కంప్యూటరులో నున్న సమాచారమునకును, కాగితమునుండి కంప్యూటరు కెక్కించినదానికిని మాత్రమే. కాగితము కాగితముగా నున్నంతవఱకు అది వర్తింపదు. అనగా నా బజ్జీల కట్టను ఆ చట్టము ముట్టదు. దానికి సంఘమే తన కట్టుబాటు చేసికొనవలెను.

కావున రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ క్రింది మాటను తీర్మానముగా పెట్టవలసినదని సభ్యులను కోరుచున్నాను. దరఖాస్తుల బీరువాకు తాళముండి, ఆ తాళపుచెవి ఎవరి యొద్ద నున్నదో పుస్తకమున వ్రాయవలెను. నోటీసు పలకమీద ఏ నంబరును పెట్టరాదు. కంప్యూటరును వాడు ప్రతివానికి వేఱు పాసువర్డు ఉండవలెను. పాత కాగితములను ఆడిటు ముగిసి, ఉంచవలసిన గడువు దాటిన తరువాత, ఇద్దఱు పాలకవర్గ సభ్యుల యెదుట నాశనము చేయవలెనే గాని తూకమునకు అమ్మరాదు. తూకమునకు అమ్మినచో వచ్చునది ఎంత? ఒక బస్తా యూరియా వెల కూడ రాదు.

రైతు తన వంతు చేసికొనవలసినవి కొన్ని గలవు. ఆధార్ ప్రతి ఇచ్చునప్పుడు, చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ప్రతి యొకటి ఆధార్ సంస్థ వెబ్‌సైటునుండి లభించును. చాలునన్న చోట దానినే ఇండు. పూర్తి ప్రతి అడిగినచో, దానిమీద అడ్డముగా "ఫలానా ఋణముకొఱకు" అని తేదీ వేసి వ్రాయుడు. 2022 మే 27న ఆధార్ సంస్థవారి బెంగళూరు కార్యాలయము జిరాక్సులు ఎవరికి పడిన వారికి ఇవ్వవలదని ప్రకటన చేయగా, జనులు తప్పుగా అర్థము చేసికొనవచ్చునని రెండు దినములలో దానిని ఉపసంహరించుకొనిరి. పెద్దలే తడబడిన చోట రైతు తడబడుట వింత కాదు. నా మట్టుకు మొదటి ప్రకటనయే బాగుండెను.

వ్రేలిముద్రకు తాళము వేయు మార్గమును కలదు. ఆధార్ యాప్ ద్వారాగాని వెబ్‌సైటు ద్వారాగాని బయోమెట్రిక్ లాక్ పెట్టుకొన్నచో, అచ్చు పోసిన వ్రేలు మాత్రమే కాదు, మీ సొంత వ్రేలును పనిచేయదు. కావున రేషను దుకాణమునకుగాని బ్యాంకు మిత్ర యొద్దకుగాని పోవునప్పుడు కొద్దిసేపు విప్పి, మఱల వేయవలెను. పాలు పిదుకునప్పుడు దూడను విప్పి మఱల కట్టుట వంటిదే. ఇంటిలో చదువుకొనిన కొడుకో కోడలో ఉన్నచో ఇది కష్టము కాదు. ముసలివారు ఒంటరిగా నున్న యింట నేను దీనిని నిర్బంధింపను. రేషను నిలిచిపోయినచో ఆ పాపము నాకు వచ్చును.

బ్యాంకు మిత్ర యొద్ద "ముద్ర సరిగా పడలేదు, మఱియొకమాఱు పెట్టుము" అన్నచో, మొదటి దానికి చీటీ అడిగి చూచి, పిమ్మట పెట్టుడు. రెండుమాఱులు పెట్టించి రెండుమాఱులు తీసి, ఒకమాఱుదే చేతికిచ్చిన ఉదంతములు లేకపోలేదు. ఫోను నంబరు మార్చుకొన్నవారు వెంటనే బ్యాంకులో చెప్పవలెను. మీరు వదలిన నంబరు కొంతకాలమునకు మఱియొకనికి పోవును, మీ ఖాతా సందేశములు వానికి చేరును. ఎఱువుల అప్పుకు పూచీగా ఏటీఎం కార్డును, పాసుబుక్కును, పిన్‌తో సహా దుకాణదారు నొద్ద ఉంచు వాడుక మన వైపు గలదు. దుకాణదారు సత్పురుషుడే కావచ్చును, ఆతని దుకాణములో పనిచేయు వాడెవడో మీరెఱుగరు. అప్పు కాగితము వ్రాసి ఇండు, కార్డు ఇవ్వకుడు.

సొమ్ము పోయిన గడియలో చేయవలసినది ఒక్కటే: 1930 నంబరునకు ఫోను చేయుట. ఆ సొమ్ము దొంగ ఖాతానుండి మఱియొక ఖాతాకు దాటకముందే నిలుపుటకు వీలుండును గావున, పెద్దమనుషుల నడిగి రేపు చేయుదమనుకొన్నచో పని చెడును. పిమ్మట బ్యాంకునకు వ్రాతమూలముగా తెలిపి, రసీదు పుచ్చుకొనవలెను. రిజర్వు బ్యాంకు 2017 డిసెంబరులో సహకార బ్యాంకులకు పంపిన ఉత్తరువునుబట్టి, తప్పు ఖాతాదారునిదిగాని బ్యాంకుదిగాని కాక మూడవవానిదైనచో, మూడు పనిదినములలో తెలిపినవానికి నష్టమేమియు లేదు. నాలుగు మొదలు ఏడు దినముల లోపల తెలిపినచో నష్టము ఒక మితికి లోబడియుండును. ఓటీపీ తానే చెప్పినవాడు మాత్రము, బ్యాంకునకు తెలిపిన క్షణము వఱకు జరిగిన నష్టమును తానే భరింపవలెను. తెలిపిన తరువాత జరిగినది బ్యాంకుదే. సిగ్గుచేత దాచినకొలది నష్టము రైతు వంతునకే చేరుచుండును. మోసపోయినవాని నెవరును అపహసింపకుండుట ఇందుకే అవసరము.

పాత కాగితములను ఏమి చేయవలెనని అడుగువారికి నా వృత్తికి తగిన జవాబు చెప్పెదను. కాల్చవలదు. సన్నగా చింపి, ఒక రాత్రి తొట్టిలో నానబెట్టుడు. ముద్దయైన పిదప కంపోస్టు గుంటలో ఒక పొర చెత్త, ఒక పలుచని పొర కాగితపు ముద్ద, పైన పేడనీళ్ళు చొప్పున వేయుడు. నిగనిగలాడు రంగు కాగితములను, ప్లాస్టిక్కు పూత గల కాగితములను ఏఱివేయవలెను. నెల కొకమాఱు తిరుగవేయుడు, తడి ఆఱనీయకుడు. ఆ బజ్జీల కట్టను నేనిచ్చిన సంఘమువారు తుదకు అట్లే చేసిరి; ఆ గుంట ఎఱువును ఈ యేడు కార్యాలయపు వెనుకనున్న కరివేపచెట్టుకు వేసిరి.